తక్కువ తిరిగిన బండి

పాత కారు కొనేవాడు అండమాన్‌లో ముందు మోసపోయేది ఓడోమీటర్ దగ్గరే. నేనూ అక్కడే పడ్డాను. 2014 మోడల్ డస్టర్, డీజిల్. ఐదేళ్ల బండి ముప్పై వేలు కూడా తిరగలేదంటే ఇంకేం కావాలనుకున్నాను. పైగా ఇక్కడ పన్ను తక్కువ, డీజిల్ చవక.

ఎంత చవకైతే ఏం, తిరగడానికి రోడ్డేదీ? మా ఊరి నుంచి పోతే రోడ్డుకి ఒక కొసన చిడియాటాపు, మరో కొసన వండూరు. డిగ్లీపూర్ దాకా ట్రంక్ రోడ్డు 300 కిలోమీటర్ల పైమాటే. కానీ జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర కాన్వాయ్ కోసం కాచుకుని, జరావా తెగవాళ్ల అడవి దాటి, మిడిల్ స్ట్రెయిట్‌లో బండిని ఫెర్రీ ఎక్కించాలి. ఊరికే సరదాకి ఎవరు వెళ్తారు? మా బండి రోజూ ఊళ్లోనే గారచర్మ నుంచి అబర్దీన్ బజారుకి వెళ్లొచ్చేది. అంత కొంచెం దూరానికి ఇంజిన్ సరిగ్గా వేడెక్కను కూడా వేడెక్కదు. మసంతా, పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో పేరుకుంటుంది. ఈ ఊరి తిరుగుడికి పెట్రోలు బండే సరిపోయేది.

సర్వీసు పుస్తకంలో ‘ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది’ అని ఉంటుంది. నేను కిలోమీటర్లు మాత్రమే చూసుకుని, డబ్బు మిగిలిందని సంబరపడేవాణ్ణి. బ్రేక్ ఆయిల్ బండి కదలకపోయినా గాలిలో తేమ పీలుస్తూనే ఉంటుంది. టైమింగ్ బెల్టు రబ్బరుది, దానికీ వయసుంటుంది. ఈ ఇంజిన్‌లో అది తెగితే వాల్వులూ పిస్టన్లూ ఢీకొంటాయి. కవరు విప్పి చూస్తే మా బెల్టు మీద సన్నటి పగుళ్లు. తెగకపోవడం నా అదృష్టం, అంతే.

అసలు దెబ్బ కింద తగిలింది. ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. మే నెలలో మొదలైతే నైరుతి వెళ్లీ వెళ్లకముందే ఈశాన్యం దిగుతుంది. దానికి తోడు ఉప్పుగాలి. ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది కాబట్టి ఎండ కాసిన రోజున కూడా రేకు పూర్తిగా ఆరదు. ఆదివారాలు కార్బిన్స్ కోవ్‌లో సముద్రం ఎదురుగా బండి పెట్టుకుని కూర్చోవడం మాకు అలవాటు. ఇంటికొచ్చి పైన తళతళలాడేలా కడిగేవాణ్ణి. కిందికి పైపు ఎప్పుడూ తిప్పలేదు.

ఎక్కడో కాస్త తుప్పు కనబడితే నల్లటి అండర్ కోటింగ్ దట్టంగా కొట్టించాను. తుప్పు గీకించకుండానే. డబ్బిచ్చి మరీ చేయించుకున్న తప్పు అది. రెండు వానలు గడిచాక, సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మెకానిక్ బండి కిందికి దూరి స్క్రూడ్రైవర్ పిడితో కొడుతూ వచ్చాడు. టంగు టంగుమంటున్న రేకు ఎడమ తలుపు కింద, సిల్ దగ్గర దబ్బుమంది. స్క్రూడ్రైవర్ తిప్పి మొనతో నొక్కితే సగం దిగిపోయింది. లాగేసరికి టీ డికాషన్ లాంటి నీళ్లు ధారగా కారాయి. తలుపుల అడుగునా సిల్ అడుగునా నీళ్లు పోవడానికి చిన్న చిన్న బెజ్జాలుంటాయి. కోటింగ్ వాటన్నిటినీ మూసేసింది.

“ఏటి మాస్టారూ, రంగేయించేరా, సమాధి కట్టించేరా?” అన్నాడు.

ఇప్పుడు ఏటా వానలు పడకముందే ఆ బెజ్జాల్లో సన్నటి తీగ ఆడిస్తున్నాం. బీచికి వెళ్లొస్తే అదే రోజు మంచినీళ్లతో అడుగు కడుగుతున్నాను. (మా వీధిలో కుళాయి ఎప్పుడొస్తే అప్పుడే అనుకోండి.) బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి. బెల్టు మార్చిన తేదీ డాష్‌బోర్డు మీద చీటీ అంటించి ఉంది.

ఇంట్లో అమ్మేయమంటారు. ఆ తరం డస్టర్ తయారీ మన దేశంలో 2022లోనే ఆగిపోయింది. ఏ చిన్న భాగం కావాలన్నా చెన్నై నుంచి ఓడలో రావాల్సిందే. 2029లో రిజిస్ట్రేషన్‌కి 15 ఏళ్లు నిండుతాయి. రెన్యువల్ కావాలంటే ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడాలి. నాకైతే నిలబడుతుందనే అనిపిస్తోంది. ఎడమ సిల్ కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. కుడివైపుది వానలు తగ్గాక జనవరిలో పెట్టుకున్నాం. దానికి రేకు ఇంకా రావాలి.