సున్నం ఆరేదాకా

సున్నపురాళ్ల మీద నీళ్లు పోస్తే బుసబుస ఉడుకుతాయి. ముఖం దగ్గరికి పెట్టకూడదు. రాత్రంతా నానాక పాతబట్టలో వడగట్టి పిడికెడు ఉప్పు, చిటికెడు నీలిమందు కలపాలి. గోడను ముందుగా తడపాలి, లేకపోతే సున్నం పొడిగా రాలిపోతుంది. పాత ఆయిల్ పెయింటు ఉంటే గీకాల్సిందే.

మా ఊరు జవహర్‌నగర్‌లో చాలా ఇళ్లు ఒక్కసారిగా లేచినవి కావు. ఒక ఏడాది రేకుల గది, చేతిలో డబ్బు ఆడిన ఏడాది ప్లాస్టరింగు. 2019లో ఊరు మున్సిపల్ కార్పొరేషన్ అయింది. పట్టా రాని గోడకూ దసరాకి సున్నం పడుతూనే ఉంది. కాగితం లేని గోడ మనదని మనసుకు ఎప్పుడు తెలుస్తుంది? బహుశా దాని పగుళ్లు ఎక్కడెక్కడున్నాయో చేతికి తెలిసినప్పుడు.

వేసేటప్పుడు తెలుపు కనబడదు. నీళ్లు పూసినట్టే ఉంటుంది. ‘ఆగు బిడ్డా, రేపు చూద్దువు’ అనేది అమ్మ. ఆరుతూ, గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ సున్నం మళ్లీ రాయిగా మారుతుందని తర్వాతెప్పుడో చదివాను. అమ్మకు ఆ చదువు అవసరం పడలేదు.

డబ్బాలోనే రంగు తేలిపోయే ఎమల్షన్ సుఖమే, కాదనను. అయినా రెండో పూతకు సున్నమే నానబెట్టాను. కింద జాజు పట్టీ జానెడా, మూరెడా అన్నదానిపై ఇంట్లో ఇంకా పంచాయితీ నడుస్తోంది.