కూట్లో రాయి, ఏట్లో రాయి

కూట్లో రాయి తీయలేనివాడు ఏట్లో రాయి తీస్తాడా అని మన సామెత. పీటర్ పార్కర్ ఏట్లో రాయి అవలీలగా తీస్తాడు. చిక్కంతా కూట్లో రాయి దగ్గరే. పది టన్నుల బరువెత్తగలడు, ఇంటద్దె కట్టలేడు. అర్ధరాత్రి న్యూయార్క్ మేడల మధ్య ఊగుతూ వెళ్ళి నలుగురు దొంగల్ని కట్టిపడేస్తాడు, తెల్లారేసరికి పెద్దమ్మ మందులకి డబ్బెక్కణ్ణుంచి తేవాలా అని తల పట్టుకుంటాడు. 1962 ఆగస్టు సంచికగా వచ్చిన ‘అమేజింగ్ ఫాంటసీ’ 15లో పదకొండు పేజీల కథగా పుట్టిన స్పైడర్‌మాన్ అరవయ్యేళ్ళు దాటినా ఇంకా నడుస్తున్నాడంటే, ఈ తిప్పలే అతన్ని నడిపిస్తున్నాయని నా నమ్మకం.

ఇన్నేళ్ళ కథల్లో నచ్చినవి ఏరమంటే అభిమానుల మధ్య పంచాయితీ తెగదు. ఏ విలన్ గట్టివాడు, ఏ దుస్తులు బాగున్నాయి, ఏ చిత్రకారుడు సాలెగూడు బాగా వేశాడు అని తెల్లవార్లూ వాదించుకుంటారు. నాకు ఆ గొడవ పెద్దగా పట్టదు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారంనాటి పాత పుస్తకాల గుట్టల్లో ఈ కామిక్స్ దొరికేవి కాని వరసగా దొరికేవి కావు. మూడు భాగాల కథలో నడిమిది చేతికొచ్చేది, దెబ్బలాట ఎందుకు మొదలైందో తెలీదు, ఎలా ముగిసిందో తెలీదు. అలా చదివినవాడికి గెలుపోటముల మీద మోజు పోతుంది. అతని బలం ఎక్కడ పనికిరాకుండా పోయిందో ఆ పేజీయే మనసులో నిలుస్తుంది. నా కొలబద్ద అదే.

ఆ కొలతకి తొలి కథే నిలబడుతుంది. స్టాన్ లీ మాటలు, స్టీవ్ డిట్కో బొమ్మలు. అంతవరకూ స్కూలు వయసు కుర్రాళ్ళు కామిక్స్‌లో ఎక్కువగా హీరో వెనకాల తిరిగే తోక పాత్రలు. ఇక్కడ ఆ కుర్రాడే హీరో. స్కూల్లో అందరూ ఎగతాళి పట్టించే పుస్తకాల పురుగు, అమ్మానాన్నా లేక పెదనాన్న బెన్, పెద్దమ్మ మేల దగ్గర పెరిగినవాడు. రేడియోధార్మికత సోకిన సాలీడు కుట్టి బలం వస్తే లోకాన్ని ఉద్ధరిద్దామని బయల్దేరలేదు. కుస్తీ బరిలోకి దిగి వంద డాలర్లు గెలిచాడు, తర్వాత టీవీ ప్రదర్శనలు. ఒకరోజు ఆ స్టూడియోలో దొంగ పరుగెడుతుంటే, పట్టుకోమని వెనక పోలీసు అరుస్తుంటే, మనకెందుకులే అని పక్కకి తప్పుకున్నాడు. తర్వాత ఆ దొంగే పెదనాన్నని కాల్చి చంపాడు. శక్తి, బాధ్యతల గురించిన ఆ పేరుమోసిన వాక్యం సినిమాల పుణ్యమా అని బెన్ నోట వినడం మనకి అలవాటైంది కాని, ఆ తొలి కథలో ఆయన ఆ మాట అననే అనడు. చివరి గడిలో కథకుడు అంటాడు. అలా ఉండటమే నాకు నచ్చుతుంది. బుద్ధి చెప్పాల్సిన పెద్దమనిషి అప్పటికే పోయాడు.

మరి అందరూ ఒప్పుకునే గొప్ప కథ ఏదంటే ‘అమేజింగ్ స్పైడర్‌మాన్’ 31 నుంచి 33 దాకా నడిచిన మూడు భాగాలది. 1965 చివర్లో మొదలై 1966 ఫిబ్రవరి సంచికతో ముగిసింది. పెద్దమ్మ ఆస్పత్రిలో చావుబతుకుల మధ్య ఉంది. కారణం ఆమె రక్తంలో చేరిన రేడియోధార్మిక కణాలు. అవి ఎలా చేరాయి? అంతకుముందోసారి ఆవిడకి జబ్బు చేస్తే పీటర్ తన రక్తమిచ్చాడు. ప్రాణం నిలబెడుతుందని ఇచ్చిన రక్తమే ఇప్పుడు ప్రాణం తీస్తోంది. డాక్టర్ కానర్స్ అనే శాస్త్రవేత్త విరుగుడు చేస్తానన్నాడు, దానికి ‘ఐసో-36’ అనే మందు కావాలి. ఆ మందు తెప్పించడానికి పీటర్ తన ప్రయోగశాల సామాన్లు అమ్ముకున్నాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన వివరం ఇదే. ఒక సూపర్‌హీరో సామాన్లమ్ముకుని మందు కొనే దృశ్యం అంతకుముందు ఎవరు రాశారు?

ఆ మందుని డాక్టర్ ఆక్టోపస్ అనే విలన్ ముఠా ఎత్తుకుపోతుంది. నీళ్ళ అడుగున వాళ్ళ స్థావరంలో పోరాటం జరిగి, ఇంటంత యంత్రం ఒకటి కూలి పీటర్ దాని కింద ఇరుక్కుంటాడు. మందు డబ్బా ఎదురుగానే, చేతికి కాస్త అందనంత దూరంలో ఉంది. పైకప్పు బీటలిచ్చి నీళ్ళు కారుతున్నాయి. 33వ సంచిక ఇక్కడ మొదలవుతుంది. తర్వాత కొన్ని పేజీల పాటు డిట్కో చేసింది చూడండి. శత్రువు లేడు, మాటకి మాట లేదు. ఒక మనిషి, ఒక బరువు, అంతే. గడులు సన్నగా, ఇరుగ్గా మొదలవుతాయి. ఎత్తబోతాడు, కాదు. పెదనాన్న ముఖం గుర్తొస్తుంది, పెద్దమ్మ ముఖం గుర్తొస్తుంది. మళ్ళీ ఎత్తబోతాడు. గడి గడికీ బొమ్మ విశాలమవుతూ వస్తుంది. పేజీ తిప్పగానే పేజీ మొత్తం ఒకే బొమ్మ: యంత్రం లేచింది. నీళ్ళ అడుగున, నిజంగానే, ఏట్లో రాయి.

ఆ రోజుల్లో లీకీ డిట్కోకీ మాటల్లేవు. డిట్కో కథ అల్లి బొమ్మలు గీసి పంపేవాడు, లీ వాటికి సంభాషణలు అతికేవాడు. మొహమొహాలు చూసుకోని ఇద్దరు ఇంత చక్కని పేజీలు ఎలా తెచ్చారో ఆలోచిస్తే విడ్డూరమే. కొన్నాళ్ళకే, 38వ సంచికతో, డిట్కో వెళ్ళిపోయాడు. యంత్రం ఎత్తడం గురించి అందరూ చెప్తారు. దాని తర్వాతి సంగతి ఎవరూ చెప్పరు. అంత ఘనకార్యం చేసి, ఒళ్ళు హూనమై, మందు అందించి, ఆ తర్వాత పీటర్ ఫోటోలు పట్టుకుని తనంటే గిట్టని పత్రికాధిపతి జేమ్సన్ దగ్గరికి వెళ్తాడు, అమ్ముకోవడానికి. ఖర్చులున్నాయి మరి.

డిట్కో తర్వాత వచ్చిన జాన్ రొమిటా బొమ్మలు సినిమా పోస్టర్లలా ఉంటాయి. అందరూ అందగాళ్ళే. పీటర్ కూడా కాస్త ఒళ్ళు చేశాడు. 1967 జూలైలో వచ్చిన 50వ సంచికలో, విసుగెత్తి దుస్తుల్ని చెత్తడబ్బాలో పడేసి వాన పడుతున్న సందులో వెళ్ళిపోయే ఆ పేజీ తెలియని అభిమాని ఉండడు. 2004 నాటి రెండో సినిమా ఆ పేజీని అలాగే వాడుకుంది. 1971లో మత్తుమందుల మీద రాసిన మూడు సంచికలు చరిత్రకి ముఖ్యం. ప్రభుత్వ శాఖే అడిగి రాయించుకుంటే, కామిక్స్ నియమావళి సంస్థ ముద్ర వేయనంది. ప్రచురణ సంస్థ మార్వెల్ ఆ ముద్ర లేకుండానే అచ్చేసింది. ఆ ఏడాదే నియమావళి సడలింది. కథగా మాత్రం అవి ఉపన్యాసాలు.

1973లో పీటర్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ చావు. 121వ సంచిక. రచయిత జెరీ కాన్వేకి అప్పటికి ఇరవయ్యేళ్ళే. మొదట పెద్దమ్మని చంపుదామనుకున్నారనీ, కాదు గ్వెన్ అయితేనే తగులుతుందని రొమిటా అన్నాడనీ చెప్తారు. ముందే కథ తెలిసిపోకుండా శీర్షికని చివరి పేజీకి దాచారు. విలన్ గ్రీన్ గోబ్లిన్ ఆ అమ్మాయిని వంతెన మీంచి తోసేస్తాడు. స్పైడర్‌మాన్ దారం విసిరి కాలు పట్టి ఆపుతాడు. అందింది! పైకి లాగుతూ మురిసిపోతాడు, తన గొప్ప తనే చెప్పుకుంటాడు. అప్పటికే ప్రాణం లేదు. దారం ఆమెని పట్టుకున్న గడిలో మెడ పక్కన చిన్న అక్షరాల్లో ‘స్నాప్’ అని ఒక చప్పుడు రాసి ఉంటుంది. పడిపోవడం చంపిందా, పట్టుకోవడం చంపిందా? ఆ తర్వాత ఉత్తరాల పేజీలో సంపాదకులు చెప్పేశారు: ఒక్కసారిగా ఆగడంవల్లే మెడ విరిగింది. కాపాడిన చెయ్యే చంపింది. పెద్దమ్మ రక్తం కథలో తప్పిపోయిన గండం ఇక్కడ తప్పలేదు.

చాలామంది ఆ వంతెన దగ్గరే ఆగిపోతారు. నాకు దాని తర్వాతి సంచిక ముగింపు ఇంకా ఇష్టం. గోబ్లిన్ తన వాహనమే తనకి గుచ్చుకుని చచ్చాడు. పీటర్ ఇంటికొచ్చాడు. అక్కడ స్నేహితురాలు మేరీ జేన్ కూర్చుని ఉంది. అంతవరకూ ఆమె పార్టీలకీ నవ్వులకీ తప్ప దేనికీ ఆగని పిల్ల. నీకు ఎవరు చచ్చినా పట్టదు, పో అని పీటర్ కసురుకుంటాడు. ఆమె ఏడుస్తూ తలుపు దాకా వెళ్తుంది. తలుపు మూస్తుంది, లోపలి నుంచి. ఎవరినీ కొట్టకుండా, ఎక్కడికీ ఎగరకుండా ఒక పాత్ర ఎదిగిన పేజీ అది.

ఇంత మంచి కథలు అచ్చేసినవాళ్ళే వాటి మీద మట్టి కూడా పోశారు. ఏళ్ళ తరబడి సాగే కామిక్‌కీ మన టీవీ సీరియల్‌కీ తేడా లేదు: శవం దొరకలేదంటే ఆ మనిషి తిరిగొస్తాడనీ, దొరికినా వస్తాడనీ అర్థం. 1995లో 400వ సంచికలో పెద్దమ్మ చనిపోయింది. పోయేముందు పీటర్‌ని ఎంపైర్ స్టేట్ భవనం పైకి తీసుకెళ్ళి, నువ్వే స్పైడర్‌మాన్‌వని నాకు ఏళ్ళ క్రితమే తెలుసంటుంది. చదివి కళ్ళు తుడుచుకున్నాం. మూడేళ్ళకి తేల్చిందేమిటయ్యా అంటే, పోయింది పెద్దమ్మ కాదట, ఆమె వేషం వేసిన నటి అట! 1993లో స్నేహితుడు హ్యారీ ఆస్బోర్న్ చావుని జె.ఎం. డిమాటీస్, సాల్ బుసేమా చివరి పేజీల్లో ఒక్క మాట లేకుండా చెప్పారు. ‘స్పెక్టాక్యులర్ స్పైడర్‌మాన్’ 200. 2008లో హ్యారీ చక్కగా నడిచొచ్చాడు. 2007లో పెద్దమ్మ ప్రాణం కోసం సైతానుతో బేరమాడి పీటర్ తన పెళ్ళినే చెరిపేసుకున్నాడు. సామాన్లమ్ముకుని మందు కొన్న కుర్రాడెక్కడ, పెళ్ళాన్ని తాకట్టు పెట్టినవాడెక్కడ?

మేరీ జేన్‌తో ఆ పెళ్ళి 1987లో జరిగింది. అదే ఏడాది వచ్చిన ‘క్రావెన్స్ లాస్ట్ హంట్’ ఆ కొత్త కాపురం మీద పడ్డ పిడుగు. రాసింది డిమాటీస్, గీసింది మైక్ జెక్. వేటగాడు క్రావెన్ స్పైడర్‌మాన్‌ని తుపాకీతో కాల్చి గోతిలో పాతిపెడతాడు. రెండు వారాలు. ఈలోగా అతని దుస్తులు తనే వేసుకుని, అతనికన్నా మిన్న అనిపించుకోవాలని ఊరంతా తిరుగుతాడు. మేరీ జేన్ ఇంట్లో మొగుడి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. చివరికి క్రావెన్ తనని తనే కాల్చుకుంటాడు. ఈ కథని డిమాటీస్ మొదట మరో మార్వెల్ హీరో వండర్‌మాన్ కోసం అల్లాడు, తీసుకోలేదు. బాట్‌మాన్, జోకర్‌లతో రాస్తానన్నాడు, అదీ కుదరలేదు. చివరికి పీటర్ దగ్గరికొచ్చింది. బాట్‌మాన్ అయితే గోతిలోంచి ప్రతీకారం కోసం లేచేవాడేమో. పీటర్ భార్య దగ్గరికి వెళ్ళాలని లేస్తాడు. కథ ఎవరిదో అక్కడే తేలిపోయింది. క్రావెన్‌ని కూడా తర్వాత బతికించారు, ఆ సంగతి వదిలేద్దాం.

మన దేశం వాడొకడున్నాడు కదా అంటారేమో. 2004లో జీవన్ కాంగ్, శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్ కలిసి ముంబై కుర్రాడు పవిత్ర్ ప్రభాకర్‌ని సృష్టించారు. స్పైడర్‌మాన్ దుస్తుల్లో నడుము కింద ధోవతి కట్టారు. బొమ్మలు బాగున్నాయి. ఐతే అతనికి శక్తిని ఒక యోగి వరంగా ఇస్తాడు. నాకు అక్కడే పేచీ. పీటర్‌ని సాలీడు ఎంచుకోలేదు, ఎవరో ఒకరిని కుట్టాలి కనుక కుట్టింది. అది కుట్టిన గదిలో ఉన్నవాళ్ళలో ఎవరైనా స్పైడర్‌మాన్ అయ్యుండేవారు. వరం ఇచ్చారంటే అర్హుడని తేల్చినట్టే, ఇక అతని తడబాటుకి చోటెక్కడ? 2023 నాటి యానిమేషన్ సినిమాలో అదే పవిత్ర్ హుషారుగా, బాగున్నాడు. అది తెలుగులోనూ వచ్చింది.

ఇన్నిటిలో ఒక్కటే చదవమంటే మాత్రం ‘అమేజింగ్ స్పైడర్‌మాన్’ 248వ సంచిక వెనక భాగంలో వచ్చిన చిన్న కథ ఇస్తాను. 1984 జనవరి. ‘ది కిడ్ హూ కలెక్ట్స్ స్పైడర్‌మాన్’. రోజర్ స్టెర్న్ రాశాడు, రాన్ ఫ్రెంజ్ గీశాడు. ఇదీ పదకొండు పేజీలే. టిమ్ హారిసన్ అనే తొమ్మిదేళ్ళ పిల్లాడు స్పైడర్‌మాన్ మీద వచ్చిన వార్తలన్నీ కత్తిరించి దాచుకుంటాడు. ఒక రాత్రి ఆయనే కిటికీలోంచి గదిలోకొస్తాడు. ఇద్దరూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. ఒక్క దెబ్బ లేదు, విలన్ లేడు. వెళ్ళేముందు పిల్లాడు, మీరెవరో చెప్పరా అని అడుగుతాడు. స్పైడర్‌మాన్ కాసేపు తటపటాయించి ముసుగు తీస్తాడు. దొంగని వదిలేసిన సంగతీ, పెదనాన్న పోయిన సంగతీ దాచకుండా చెప్తాడు. పెళ్ళాడబోయేవాళ్ళకి కూడా చెప్పని రహస్యం తొమ్మిదేళ్ళ వాడికి ఎందుకు చెప్పాడు? చివరి పేజీలో బయటి బోర్డు కనిపిస్తుంది. అది కాన్సర్ ఆస్పత్రి. పిల్లాడికి రక్త కాన్సర్, కొన్ని వారాలే గడువు.

స్పైడర్‌మాన్ కథల్లో దీన్ని మించింది లేదు, నా తీర్పు ఇంతే. మీ ఇంట్లో సినిమాలు మాత్రమే చూసిన పిల్లలుంటే ముందు ఈ పదకొండు పేజీలూ చదివించండి, తర్వాత 31 నుంచి 33 దాకా వరసగా ఇవ్వండి. 1994లో మొదలై రెండేళ్ళు సాగదీసిన క్లోన్ల కథ జోలికి మాత్రం వాళ్ళని పోనివ్వకండి.