రాయితోపాటు దిగినవి

మా అబ్బాయి అర్ధరాత్రి మంచినీళ్ళకని లేచి, ఫోన్ లైటు అక్వేరియం మీద వేసి, "అమ్మా, రాళ్ళ కింద జెర్రులు!" అని ఇల్లంతా లేపాడు. నేను వచ్చేసరికి ఒక్కటీ లేదు. తెల్లటి వెలుగు తగిలితే చాలు, రాతి కన్నాల్లోకి సర్రున జారిపోతాయవి.

మేం డాలస్‌లో ఉప్పునీటి తొట్టె పెట్టుకున్న కొత్త అది. అప్పుడే మావయ్య కాకినాడ నుంచి వచ్చి ఉన్నాడు. రొయ్యల హేచరీలో జుట్టు నెరిసిన మనిషి. మర్నాడు రాత్రి టార్చికి ఎర్ర కాగితం చుట్టి, "ఎర్ర వెలుగు వీటికి అంతగా ఆనదమ్మా, కదలకుండా కూర్చో" అన్నాడు.

కూర్చున్నాం. ముందు ఇసకలోంచి సన్నటి మీసాలు రెండేసి లేచి ఊగాయి. అవి స్పియోనిడ్లు, గొట్టంలో ఒళ్ళు దాచుకుని, ఆ మీసాలతోనే నలకలు పట్టి తింటాయి. రాయి మీద సేమ్యాల్లాంటి పొడవాటి తీగలు పాకాయి. వాటి యజమాని పగుల్లోంచి బయటికి రానే లేదు. అద్దానికి అతుక్కున్న తెల్లటి చిన్న చుట్టలు నత్తలనుకున్నాం గానీ, భూతద్దం పెడితే అవీ పురుగులే, సున్నపు గూడు కట్టుకున్నవి.

చివరికి జెర్రి వచ్చింది. గులాబీ రంగు ఒళ్ళు, ఒళ్ళంతా కణుపులు, కణుపు కణుపుకీ రెండు పక్కలా తెల్లటి ముళ్ళ కుచ్చులు. మావయ్య మొహం విచ్చుకుంది. "ఓసి దీని దుంపతెగ, పాలీకీటే! తల్లి రొయ్యలకి గుడ్లు కట్టడానికి ఇవే పెట్టేవాళ్ళం. రేటు వింటే కళ్ళు తిరిగేవి. పైగా వీటితో తెల్లమచ్చ రోగం ఎక్కడ దిగుతుందోనని ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకునేవాళ్ళం."

పాలీకీట్ అన్నంత మాత్రాన నా భయం తీరలేదు. ఈ పురుగులు దిగింది రాళ్ళతోనే, మా రాళ్ళు ఫ్లోరిడావి. ఆ సముద్రాల్లోనే పగడాల్ని నమిలే ఫైర్‌వర్మ్, హెర్మోడైస్, ఉంటుంది. దానికైతే తల వెనక కండపట్టిన మడత, ముళ్ళ మొదళ్ళలో ఎర్రటి మొప్పల కుచ్చులు ఉండాలి. మా దానికి రెండూ లేవు. ఇంకో అనుమానం యూనిసీ అనే పురుగు: తల మీద అయిదు మీసాలు, ఒంటి మీద రంగులు మారే మెరుపు. 2009లో ఇంగ్లండులోని న్యూకీ అక్వేరియంలో పగడాలు తరిగిపోతుంటే తొట్టె విప్పి చూశారట, నాలుగడుగుల యూనిసీ బయటపడింది. మేమూ మీసాలు లెక్కపెట్టి గానీ పడుకోలేదు.

మాది ఎంగిళ్ళు తినే మామూలు బ్రిసిల్ వర్మ్. చేత్తో ముట్టుకుంటే మాత్రం ఆ నూగు చర్మంలో విరిగి మండుతుంది. గుచ్చుకుంటే టేపు అంటించి లాగాలి. మా ఆయన మందు వేద్దామన్నారు. రాతి కన్నాల్లో అన్నీ ఒక్కసారి చచ్చి కుళ్ళితే చేపలు బతుకుతాయా? మావయ్య మాట మీద మేత తగ్గించాం. ఆ మేత మిగలబట్టే కదా పురుగు అంతగా పెరిగింది.

నన్నడిగితే రాత్రి తిరిగేవాటి కంటే పగలు కనపడేదే ప్రమాదం. తర్వాతెప్పుడో కొన్న పగడపు ముక్క మీద తుప్పు రంగు చదును పురుగులొచ్చాయి, తోక మూడు పాయలు. ఒంట్లోనే నాచు పెంచుకుంటాయి కనక వెలుగులోనే పరుచుకుంటాయి. గుంపుగా చస్తే నీళ్ళలో విషం కలుస్తుంది. సన్న పైపుతో ఓపిగ్గా లాగి పారబోశాం.

మావయ్యకి పురుగుల కంటే రాళ్ళ సంగతే వింతగా తోచింది. ఫ్లోరిడాలో మామూలు రాళ్ళని సముద్రం అడుగున పరిచి, ఏళ్ళ తరబడి వాటి మీద జీవాలు పట్టనిచ్చి, పైకి తీసి పౌన్ల లెక్కన అమ్ముతారని చెప్పాను.

"రాళ్ళక్కూడా సాగేనా!" అన్నాడు. కాసేపాగి, "ఎకరాకి లీజెంతట?"