మూడు సెకన్లు ఆగితే మైకు బంద్

పీటీఈ అనే ఇంగ్లీషు పరీక్ష రాసినవాళ్లకు ఈ తంతు తెలుసు. హెడ్‌సెట్ తగిలించుకొని కంప్యూటర్ ముందు కూర్చుంటాం. తెర మీద ఓ గ్రాఫో, మ్యాపో ప్రత్యక్షమవుతుంది. చూసుకోవడానికి 25 సెకన్లు, అదేమిటో చెప్పడానికి 40 సెకన్లు. మధ్యలో మాట తట్టక మూడు సెకన్లు ఊరుకున్నామా, మైకు మూసుకుంటుంది. ఇక బతిమాలినా తెరుచుకోదు. పక్క సీట్లలో తలా ఒక బొమ్మ గురించి గొంతు చించుకుంటుంటారు, సంతలో కూర్చున్నట్టే ఉంటుంది. మార్కులు వేసేది ఎక్కువగా యంత్రమే. ఇంగ్లీషు ఎంత ఫ్లూయెంట్‌గా వచ్చిందో, అంటే తడబడకుండా, వెనక్కెళ్లి సరిదిద్దుకోకుండా ఎంత సాఫీగా సాగిందో, దానికి వేరే మార్కులు.

నేను మెల్‌బోర్న్ వచ్చిన కాలంలో అన్ని విభాగాల్లోనూ 79 దాటితే పీఆర్ (శాశ్వత నివాసం) లెక్కలో 20 పాయింట్లు. 65 దాటి అక్కడే ఆగితే పదే. ఆ పది పాయింట్ల తేడాతో ఇక్కడ ఇల్లు కొనుక్కున్నవాళ్లు ఉన్నారు, పెట్టె సర్దుకొని వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. అందుకే కోచింగ్‌లో మొదట నేర్పేది ఆగొద్దని. బొమ్మ అర్థం కాకపోయినా సరే, బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు దంచేసి మధ్యలో బొమ్మలోని రెండు అంకెలు ఇరికించాలి. ఆలోచించడం మొదలుపెట్టినవాడికే నష్టం.

2017లో ఒక ఐర్లండ్ పశువైద్యురాలికి జరిగింది పత్రికల్లో వచ్చింది. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషే మాట్లాడిన మనిషి, రెండు డిగ్రీలు చదివిన మనిషి. ఆస్ట్రేలియాలో స్థిరపడటానికి ఇదే పరీక్ష రాస్తే మాట్లాడే విభాగంలో 74 వచ్చింది, కావలసింది 79. పరీక్ష నిర్వాహకులేమో తమ యంత్రంలో లోపం లేదన్నారు. అది చదివాక మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొంచెం ధైర్యం వచ్చిన మాట నిజం.

ఇంతకీ ఈ వేగం పిచ్చి యంత్రానిదేనా అంటే, కాదు. మాది మాడుగులపల్లి. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద, మిర్యాలగూడ పోయే దారిలో టోల్‌గేటు ఉన్న ఊరంటే లారీ డ్రైవర్లు ఇట్టే పోల్చుకుంటారు. 2016లో మండలం కూడా అయింది. అక్కడ పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు పొలం ఎన్నెకరాలో చెప్పాక వచ్చే మాట, "పిల్ల ఇంగ్లీషు ఫ్లూయెంటుగ మాట్లాడ్తది." చెప్పే ఆయనకు ఇంగ్లీషు రాదు, వినే ఆయనకూ రాదు. మరెట్లా తేల్చారు? ఫోన్లో టకటకా మాట్లాడుతుంటే విన్నారు, ఎక్కడా ఆగలేదు, అంతే. అమీర్‌పేట కోచింగ్‌ల సంగతి తర్వాత, ఆ యంత్రం మా ఊరి పెద్దల దగ్గరే ట్రైనింగ్ తీసుకుందేమో అనిపిస్తుంది నాకు.

తమాషా ఏమిటంటే, తెలుగులో అదే పెద్దల లెక్క వేరు. సాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లొదిలినప్పటి నుంచీ ఆయకట్టు ఊళ్లలో నీళ్ల పంచాయితీలకు కొదవ లేదు. పైవాళ్లు తూము దించరు, చివరి మళ్లు నెర్రెలిస్తాయి. అట్లాంటి ఒక పంచాయితీ చిన్నప్పుడు చూశాను. ఇద్దరు రైతులు గంటసేపు ఒకరిమీద ఒకరు పడి అరుచుకున్నారు. మాటకు మాట, ఎక్కడా తడుముకోలేదు. వేపచెట్టు కింద కూర్చున్న తాత ఒకాయన మాత్రం చుట్ట ఆర్పి, కండువాతో మూతి తుడుచుకొని, "నాగయ్యా" అని పిలిచి ఆగాడు. ఏమంటాడోనని అందరూ నోళ్లు మూశారు. ఆగాడంటే, పీటీఈ మైకు పదిసార్లు మూసుకుపోయేంత. తర్వాత అడిగాడు, "రాత్రి తూము కాడికి ఎవలు పోయిండ్రు?" ఆ ఒక్క ప్రశ్నతో సగం లొల్లి తెగిపోయింది. మా చుట్టుపక్కల మాట తెలిసిన మనిషి అని పేరున్నది ఆయనకే. ఆయన గడగడా మాట్లాడగా ఎవరూ వినలేదు.

అయితే ఆగితే వినేవాళ్లు ఉండాలిగా. తాత మాట కోసం ఆ చెట్టు కింద ఊరంతా ఎదురుచూసింది. అందరికీ ఆ భాగ్యం దొరకదు. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది, మహర్షి కర్వే అధ్యక్షులు. ఇంగ్లీషులో మాట్లాడారు, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు, సభ విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మొదలుపెట్టగానే ఈలలు, చప్పట్లు, గేలి. ఆయన వకీలు, కోర్టుల్లో మాటతోనే బతికే మనిషి. అట్లాంటి ఆయన్ను సొంత భాషలో నాలుగు ముక్కలు చెప్పనివ్వలేదు. ఆ అవమానం మింగుడుపడకనే కొందరు తెలుగువాళ్లు ఆ రాత్రే కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు గారు అందులో ముఖ్యులు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ దాకా, తర్వాత మా నల్లగొండ పల్లెల్లో దొరల ముందు జనం నోరు తెరిచేదాకా ఆ దారి సాగింది.

ఇక మెల్‌బోర్న్ ఆఫీసులో మాత్రం నేను కష్టపడి సంపాదించిన ధార పెద్దగా అక్కరకు రాలేదు. ఆస్ట్రేలియావాళ్లు "యా, నా" అని అవునూ కాదూ ఒకేసారి అనేసి, సగం వాక్యం గాల్లో వదిలేసి కాఫీ తాగుతారు. పొద్దుటి మీటింగులో నేను కోచింగ్ పద్ధతిలో ఊపిరి తీసుకోకుండా వివరిస్తుంటే అందరూ మర్యాదగా నవ్వుతారు.

ఇప్పుడు మా అన్న కూతురు పీఆర్ ప్రయత్నంలో ఉంది. దాని ఇంగ్లీషుకు ఢోకా లేదు, తెలుగుతోనే వచ్చింది చిక్కు. నాటీ వాళ్ల సీసీఎల్ అని ఒక పరీక్ష ఉంది, పాసైతే అయిదు పాయింట్లు. తెలుగావిడ ఒకరు, ఇంగ్లీషు డాక్టరో లాయరో ఒకరు మాట్లాడుకుంటుంటే నడుమ నిలబడి అటుదిటు, ఇటుదటు చెప్పాలి. రెండు సంభాషణలు, 90కి 63 రావాలి. వాళ్ల రికార్డింగులో ఒక్కసారికి 35 మాటలు మించవు. ఏది వదిలేసినా మార్కులు పోతాయి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఈ అయిదు పాయింట్ల కోసం తెలుగు నోట్సు రాసుకుంటోంది.

మొన్న ఆదివారం ప్రాక్టీసుకు వాట్సాప్‌లో మా అమ్మను పేషెంటుగా పెట్టాం. నేను డాక్టర్‌ని. "నొప్పి ఎప్పటి నుంచి?" అని ఇంగ్లీషులో అడిగాను, పిల్ల దాన్ని తెలుగులో చెప్పింది. అమ్మ అందుకుంది. "కోతలప్పుడు మొదలైంది సారూ. మిషన్‌తోటి కోసినా వడ్లు ఆరబోసుడు మనమే గదా. ఐకేపీ కొనుగోలు సెంటర్ కాడ తేమ పదిహేడుకు రాలేదని మల్లా ఆరబెట్టుమన్నరు. మొగులైతే పట్టాలు కప్పుడు, పొద్దెక్కితే తీసుడు. తాలున్నదని గింత కోత బెట్టిరి. నడుమంత గుంజుతుంది, రాత్రి పక్క మీద పొర్ల రాదు..." పిల్ల పెన్ను పట్టుకొని రాస్తూనే ఉంది. చివరికి తలెత్తి నా వంక చూసి ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పింది: కోతల కాలం నుంచి ఆమెకు నడుం నొప్పి.

అమ్మకు ఇంగ్లీషు రాదు గానీ పొడుగు పొట్టి తెలుసు. "నేను గంత జెప్తే నువ్వు గింతే జెప్పినవేందే బిడ్డా? ఐకేపీ సంగతి జెప్పు డాక్టరుకు."