‘బులా’ అంటే...

ఫిజీలో విమానం దిగిన దగ్గర్నుంచీ చెవిన పడే మాట ఒక్కటే... ‘బులా!’ టాక్సీ డ్రైవరూ అంటాడు, కూరగాయలమ్మే ఆవిడా అంటుంది. మన ‘నమస్కారం’ లాంటిదేలే అనుకున్నాను, విటి లెవు దీవిలో ఓ పల్లెకి వెళ్లేదాకా.

అక్కడ ఊళ్లోకి ఉత్తచేతులతో వెళ్లకూడదు. ‘యంగోనా’ వేళ్లకట్ట తీసుకెళ్లి ఊరిపెద్దకి ఇవ్వాలి. బయటి ప్రపంచం కావా అనేది దీన్నే. మన మిరియాలకీ తమలపాకుకీ దగ్గర చుట్టం.

మొగలాకుల చాపమీద గుండ్రంగా కూర్చున్నాం. ‘తనోవా’ అనే కాళ్లున్న చెక్క పాత్రలో వేళ్లపొడి వేసి, నీళ్లు పోసి, పిసికి వడకట్టారు. అచ్చం బురదనీళ్ల రంగు! దాన్ని కొబ్బరిచిప్పతో ముంచి ఒకరి తర్వాత ఒకరికి ఇస్తున్నారు. అందరికీ ఒకటే చిప్ప.

నా గుండెల్లో రాయి పడింది. ఎంగిలి గ్లాసు ముట్టుకుంటే చేతులు కడిగించే అమ్మమ్మ దగ్గర పెరిగినదాన్ని మరి. నన్ను తీసుకెళ్లిన పెద్దాయన నా అవస్థ గమనించాడు. ఆయన తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి వచ్చిన మనిషి. 1879 నుంచి 1916 దాకా అలా 60 వేలమందికి పైగా ఓడలెక్కి ఫిజీ చేరారు. మద్రాసు రేవు నుంచి ఓడలు మొదలైంది 1903లో. ఆయనకి తెలుగు రాదు. ‘ఓడలో ఎంగిలి ఎవరు చూశారు బేటీ!’ అన్నాడు, వాళ్ల ఫిజీ హిందీలో.

నా వంతు వచ్చింది. ఒక్కసారి చప్పట్లు కొట్టి, ‘బులా’ అని, ఒక్క గుక్కలో తాగేశాను. చిప్ప ఇచ్చేసి మూడు చప్పట్లు. ‘మాదా’ అన్నారంతా... ఖాళీ అయిందని. రుచి గురించి అడక్కండి. పెదాలూ నాలుకా మొద్దుబారిపోయాయి.

‘బులా అంటే బతుకు. నువ్వు చల్లగా బతకాలి అని’ చెప్పాడు పెద్దాయన. అంతలో మూలనున్న పసివాడు తుమ్మాడు. ‘బులా!’ అంది వాళ్ల నాయనమ్మ.

నవ్వొచ్చింది. మనింట్లోనూ ఇంతేగా!

‘మేం తుమ్మితే మా నాయనమ్మ కూడా ఏదో అనేది. తెలుగే. ఎంత తలచుకున్నా గుర్తురాదు’ అన్నాడాయన మెల్లగా.

‘చిరంజీవ’ అన్నాను.

ఆయన కళ్లు మూసుకున్నాడు. ‘చిరంజీవ... చిరంజీవ’ అని రెండుసార్లు అనుకుని, చిప్ప కోసం చెయ్యి చాచాడు.