అమ్మ కట్టని చీర

మా అమ్మాయి చిత్రలేఖనం నేర్చుకుంటున్నది. మొన్న ఆదివారం నాడు మోయలేనంత పుస్తకం ఒకటి తెచ్చి, నేను దిద్దుతున్న పరీక్ష పేపర్ల మీదనే పరిచింది.

"చూడండి నాన్నగారూ! ఇది ఎవరికోసం కుట్టారో చెప్పుకోండి" అన్నది.

చూశాను. ఎర్రని గుడ్డమీద వరసలు తీరిన మనుషులు. ఒక్కొక్కడూ గాలిలో తేలుతున్నట్టు వెనక్కి విరిగి, జుట్టు విరబోసుకుని, చేత విసనకర్ర పట్టుకుని వున్నాడు. మనిషి ఒక్కడే, రంగులు మాత్రం మారుతూ వచ్చాయి.

"ఏ మహారాజు పట్టాభిషేకానికో" అన్నాను. ఇరవై ఏళ్లుగా ప్రబంధాలు పాఠం చెబుతున్నవాడు ఇంకేమంటాడు!

"కాదు, శవానికి."

పెరూ దేశపు దక్షిణ తీరాన పరాకాస్ అనే ఎడారి ద్వీపకల్పం వున్నది. 1927లో హూలియో తెయ్యో అనే పురావస్తు పండితుడూ, ఆయన సహచరులూ అక్కడ తవ్వకం మొదలుపెట్టి 429 మూటలు వెలికి తీశారు. మూటకొక మనిషి. మోకాళ్లు ముడిచి కూర్చోబెట్టి, చుట్టూ పొరలు పొరలుగా బట్టలు చుట్టారు. రమారమి రెండువేల ఏళ్లనాటివి. ఎండిన ఇసుక పుణ్యమా అని రంగులు వెలియలేదు. తీరాన పండిన పత్తి, కొండలమీది ఒంటె జాతి జంతువుల ఉన్ని కలిసిన సూదిపని అది. ఒక్కో దుప్పటి రెండున్నర మీటర్ల పొడుగు. ఎన్ని చేతులు ఎన్ని నెలలు కుట్టాయో! కొన్నిటి పని పూర్తికాకుండానే మూటలో చేరిపోయాయి.

నాకు మనస్కరించలేదు. కావ్యానికి సహృదయుడు కావాలని పిల్లలకు చెప్పేవాణ్ణి. చూసేవాడు లేని కళేమిటి?

పుస్తకం వదలలేకపోయాను. చదివినకొద్దీ నా ప్రశ్నే తప్పనిపించింది. ఆండీస్ కొండలవారికి చచ్చినవాడు వెళ్లిపోయినవాడు కాడు. పరాకాస్ వారి తర్వాత ఎన్నో వందల ఏళ్లకు వచ్చిన ఇంకాలు, గతించిన రాజుల దేహాలకు మంచి బట్టలు కట్టి, పండుగనాడు కుస్కో నగరపు చావడిలో కూర్చోబెట్టి, మొక్కజొన్న కల్లు నివేదించేవారు. వారి కెచువా భాషలో 'మల్కి' అంటే పూర్వీకుని దేహం. నాటే మొక్క కూడా అదే మాట. మట్టిలో పెట్టినది పోదు, మొలుస్తుంది.

ఉత్తరాన మోచే లోహకారులు రాగిలో బంగారం కరిగించి కలిపి, పైపై రాగిని పోగొట్టి, లోపలి బంగారాన్ని పైకి తేల్చారు. పైకి కనిపించే మెరుపు లోపల కూడా వుండాలన్నది వారి పట్టుదల అని పండితుల ఊహ. చావిన్ గుడిలోనైతే నాలుగున్నర మీటర్ల శిలావిగ్రహాన్ని ఇరుకు చీకటి గదిలో నిలిపారు. పదిమంది చూసి మెచ్చుకోవడానికి కాదు గదా! భూమితో, కొండతో, పితరులతో ఇచ్చిపుచ్చుకోవడం వారి బతుకు. బొమ్మ కూడా ఆ ఇచ్చుకోలే. ఇంకాలకు బంగారంకంటే సన్ననేత బట్ట ఎక్కువట. అటువంటి బట్టను దేవతలకు అగ్నిలో అర్పించేవారట.

ఇక్కడికి వచ్చేసరికి పుస్తకం మూసేశాను.

నిరుడు మా అమ్మ పోయింది. నాన్నగారి షష్టిపూర్తికి అక్కయ్య కొన్న పట్టుచీర అమ్మ ఒక్కసారీ కట్టలేదు. "ఇంత మంచిది నాకెందుకే" అని పెట్టెలో దాచింది. ఆ రోజు అక్కయ్య దాన్ని తీసి అమ్మకు కప్పింది. నేను వూరుకోలేదు. "బూడిదయ్యేదానికి పట్టుచీరెందుకే? పిల్లకు పనికొస్తుంది గదా" అన్నాను, నలుగురిలో. అక్కయ్య జవాబు చెప్పలేదు. కుచ్చెళ్లు సవరించి పక్కకు తొలిగింది. అది మొదలు మా ఇద్దరికీ మాటలున్నాయిగాని, కుశలప్రశ్నలు దాటవు.

రాత్రి పేపర్లు అవతల పెట్టి ఫోన్ చేశాను. క్షమించమని అడగాలనే చేశాను. నోటికి ఇంకొకటి వచ్చింది.

"అక్కయ్యా, ఆ చీర అంచు ఏ రంగే?"

అవతల కొంచెంసేపు చప్పుడు లేదు.

"చిలకాకుపచ్చరా. అమ్మకు ఇష్టం. అంత దగ్గర నిలబడి కూడా చూడలేదూ నువ్వు?" అన్నది.

చూడలేదు. ధర మాత్రం చూశాను.