మా మనుమని విమానము

నేను ముప్పదియైదు సంవత్సరములు బడిలో పనిచేసి 2019లో పదవీ విరమణ చేసితిని. నేను చదివినది తెలుగు పండిత శిక్షణము. నా చేతి ఆయుధము ఎఱ్ఱ సిరా కలము. ఎవరేమి వ్రాసినను అందలి తప్పులే ముందుగా నా కంట బడును. ఈ గుణము బడిలో నాకు మంచి పేరే తెచ్చినది. ఇంటిలో మాత్రము ఒకమాఱు తలవంపులు తెచ్చినది. ఆ సంగతి చెప్పెదను.

మా మనుమడు ఎనిమిదవ తరగతి చదువుచుండగా, 2023లో, మా అబ్బాయి వానికి రేడియోతో నడుపు చిన్న విమానము నొకదానిని కొని యిచ్చెను. తేలికైన నురుగు పలకతో చేసిన శరీరము, బారెడు రెక్కలు, ముక్కున ఒక పంకా. చేతిలోని పెట్టెపై నున్న పుల్లలను కదపగనే అది ఆకాశమున మలుపులు తిరుగును. మా యూరు తెనాలికి చేరువనే యున్నది. వరికోతలైన పిదప పొలములన్నియు బయలై యుండును. సాయంకాలమున వాడు అచట విమానము నెగురవేయుచుండగా పాలు పోయుటకు బోవువారు సైతము సైకిళ్లు దిగి నిలిచి చూచెడివారు. కొంగలకు మాత్రము అది ఎన్నడును నచ్చలేదు.

ఆ విమానము గాలిలో నుండునది ఎనిమిది నిమిషములు. దాని బ్యాటరీని మరల నింపుటకు పట్టునది గంట. మొదట నాకిది వింతగా తోచెను. కుండలో నీరు నింపినట్లు బ్యాటరీలో విద్యుత్తు నింపుదురని, ధార పెద్దదిగా వదలినచో త్వరగా నిండునని నా తలంపు. మనుమడు నవ్వి నాకు పాఠము చెప్ప మొదలిడెను.

ఆ బ్యాటరీ చిన్న సబ్బుబిళ్ల వలె నుండును. లోపల లిథియం జాతికి చెందిన సెల్లులు మూడు పక్కపక్కన నుండును. ఒక్కొక్కదాని ఓల్టేజి 3.7, మూడును కలిసి 11.1. నిండినపుడు ఒక్కొక్కటి 4.2 ఓల్టులకు చేరును. అంతకు మించరాదు. వాడుకలో 3 ఓల్టులకు దిగువకు పోరాదు. ఈ రెండు గట్ల నడుమనే దాని బ్రతుకు. దానిపై 2200 అను అంకె అచ్చువేసి యుండును. అనగా 2.2 ఆంపియర్ల చొప్పున ఒక గంటసేపు విద్యుత్తు నీయగలదని అర్థము. కావున నింపునపుడును 2.2 ఆంపియర్లకు మించకుండుట క్షేమమని వాడు చెప్పెను.

చార్జరు ఈ పనిని ఎంత నేర్పుగా చేయునో చూచితిరా? మొదట ఒకే ప్రవాహమును ఎడతెగక పంపును. సెల్లు 4.2 ఓల్టులకు చేరగనే ఓల్టేజిని అచ్చటనే నిలిపి, ప్రవాహమును క్రమముగా తగ్గించుకొని పోవును. పంక్తిలో పాయసము వడ్డించువాడు విస్తరి చూచి చూచి గరిటె తగ్గించును గదా, అట్లే. మఱియొక ముచ్చట కలదు. మూడు సెల్లులును ఒక్క తీరున నిండవు. అందుకై బ్యాటరీకి నాలుగు సన్నని తీగెలుగల చిన్న తెల్ల ప్లగ్గు వేఱుగా నుండును. దాని ద్వారా చార్జరు ఏ సెల్లు ఎంత నిండినదో కనిపెట్టి, ముందు పోవుదానిని కొంత వెనుకకు లాగి, వెనుకబడినదానిని కలుపుకొని పోవును. నా తరగతిలో నేను చేయదలచి అన్నివేళల చేయలేకపోయిన పని అదియే.

మనుమని యొద్ద పాత ఆటపడవ యొకటి యుండెను. దాని బ్యాటరీ వేఱు జాతి. పేరు నికెల్ మెటల్ హైడ్రైడ్. అందు ఆఱు సెల్లులు, ఒక్కొక్కటి 1.2 ఓల్టులు, మొత్తము 7.2. ఆ జాతి సెల్లులు నిండిన వెంటనే వాని ఓల్టేజి ఒక్క పిసరు దిగును. చార్జరు ఆ దిగుడును గుర్తించి ఆగిపోవును. లిథియం బ్యాటరీకి ఆ దిగుడు లేదు. ఒకే చార్జరు రెండు జాతులకును పనికివచ్చును గాని, ఏ జాతియో దానికి ముందుగా మనము చెప్పవలెను. చెప్పనిచో, రాని గుర్తు కొఱకు ఎదురుచూచుచు విద్యుత్తును కూరుచునే యుండును.

ఇవన్నియు వాడొక కాగితముపై పది నియమములుగా వ్రాసి, వరండాలో తాను చార్జరు పెట్టుకొను నాపఱాతి బండ యెదుట గోడకు అంటించెను. బండ ప్రక్కనే ఇసుక బకెట్టు నుంచెను. నేను ఆ కాగితమును చూచి, జేబులోని కలము తీసి తప్పులన్నిటిని దిద్ది, అడుగున "10కి 6" అని వేసితిని. వాని ముఖము చిన్నబోయెను. అక్షరదోషములు సరిచేసికొన్నచో బాగుపడునని తలచి నేనును ఊరకుంటిని.

సంక్రాంతికి ముందొక దినమున వాడు మధ్యాహ్నభోజనమునకు ఇంటికి వచ్చి, పడవ బ్యాటరీని నింపుకొని, తిరిగి బడికి పోయెను. విమానపు బ్యాటరీ ఖాళీగా పడియుండెను. సాయంత్రము వాడు వచ్చుసరికి దానిని సిద్ధము చేసి సంతోషపెట్టవలెనని నాకొక ఊహ కలిగెను. వరండాలో ఎండగా నున్నదని చార్జరును నా వ్రాతబల్లపైకి తెచ్చితిని. తీగెలు కలిపితిని. మీట నొక్కితిని. అంకెలు కదలెను. నేను పడకకుర్చీలో వాలి కన్నుమూసితిని.

తియ్యని ఘాటువాసన యొకటి నన్ను మేల్కొలిపెను. చూతును గదా, బ్యాటరీ బూరె వలె పొంగి యున్నది! గోడ మీది స్విచ్చి ఆర్పితిని. అప్పటికే ఆలస్యమైనది. అది బుస్సుమని చీలి, తెల్లని పొగ గ్రక్కి, మంట లేచెను. నా కేక విని కోడలు పరుగున వచ్చి, వరండాలోని ఇసుక బకెట్టును తెచ్చి కుమ్మరించెను. కిటికీ తెర సగము కాలెను. బల్లపై అరచేయంత గుంట పడెను. ఎవరికిని గాయము కాలేదు. ఆ ఇసుక అచట లేనిచో ఏమయ్యెడిదో తలచుకొనుటకు నేటికిని నాకిష్టము లేదు.

ఆ సాయంకాలము మా అబ్బాయి ఇంటికి వచ్చి, ముందుగా కొడుకు మీద మండిపడెను. "మధ్యాహ్నం వచ్చి చార్జింగు పెట్టి మరిచిపోయావు గదూ? ఇల్లు తగలబెడతావా?"

"నేను పెట్టింది పడవ బ్యాటరీ నాన్నా. అదైపోయాకే తీసేసి వెళ్లాను."

"మరి ఇది తనంతట తనే వెళ్లి తాతయ్య బల్లమీద కూర్చుందా?"

మనుమడు నా వంక చూచెను. నేను నోరు విప్పలేదు. ఏల విప్పలేదని అడిగినచో ఇప్పటికిని సరియైన సమాధానము చెప్పజాలను. కోడలు ఎదుట నుండెను, పక్కింటివారు వాకిట నుండిరి, నేను ప్రధానోపాధ్యాయుడను. అబద్ధమాడిన పిల్లలను బెంచీ యెక్కించినవాడను. వాడు మఱి మాటాడలేదు. వాని విమానమును మా అబ్బాయి అటక యెక్కించెను.

రాత్రి నిదుర పట్టక వరండాలోనికి పోయి దీపము వేసితిని. గోడ మీద ఆ కాగితము. నాలుగవ నియమము: "విమానం బ్యాటరీ వేరు, పడవ బ్యాటరీ వేరు. చార్జరులో ముందు జాతి మార్చవలెను. లేదంటే మంట వచ్చును." వాడు "జాతీ" అని వ్రాయగా దీర్ఘము కొట్టివేసినది నేనే. ఏడవ నియమము: "బండ మీదనే పెట్టవలెను, చెక్క మీద పెట్టరాదు." అందు "చెక" అని యుండగా వత్తు చేర్చినదియు నేనే. తొమ్మిదవది: "ప్రక్కనే కూర్చొనవలెను, నిద్ర పోరాదు." అందు తప్పేమియు లేదు, సరియని గుర్తు పెట్టియుంటిని. పది నియమములలో నేను తాకని అక్షరము లేదు. చదివిన నియమము ఒక్కటియు లేదు.

తెల్లవాఱగనే, అందఱును కాఫీలకు కూడినపుడు, చార్జరు పెట్టినది నేనని చెప్పితిని. మా అబ్బాయి గ్లాసు క్రింద పెట్టి, "మీరా నాన్నగారూ!" అని ఊరకుండెను. నన్ను కోపపడలేక, కొడుకును చూడలేక, లేచిపోయి అటక మీది విమానమును దింపెను. మనుమడు మాత్రము వెంటనే కరగలేదు. రెండు దినములు నాతో అవసరమైన మాటలే ఆడెను. అది న్యాయమే. మూడవ నాడు నేనే పోయి, "నాకూ నేర్పరా. ఈ వయసులో నా బుఱ్ఱకు ఎక్కుతుందంటావా?" అంటిని.

"లిథియం బ్యాటరీల పనికి గూడెనఫ్ గారికి నోబెల్ ఇచ్చేనాటికి ఆయనకు 97 ఏళ్లు, తాతయ్యా. మీరు రిటైరైన ఏడే, 2019లో. విటింగ్‌హామ్, యోషినో అని ఇంకో ఇద్దరితో కలిపి ఇచ్చారు" అని వాడు నా కేసి చూడకయే చెప్పెను.

క్రొత్త బ్యాటరీ వచ్చిన తరువాత ప్రతి సాయంకాలమును బండ ప్రక్కన పీట వేసికొని కూర్చుంటిని. జాతి, సెల్లుల లెక్క, ఆంపియర్లు పైకి చదివి, వాడు తల యూపిన పిదపనే మీట నొక్కెడివాడను. మూడవ సెల్లు కొంచెము మందకొడి. దాని అంకెపై నాకేలనో మక్కువ యేర్పడెను. పది దినములకు వాడు నాకు పరీక్ష పెట్టెను. పది ప్రశ్నలు. నా కలమునే అడిగి పుచ్చుకొని దిద్దెను.

"9 వచ్చాయి" అనెను.

"ఒకటి ఎందుకు తగ్గించావురా?"

"నెలరోజులు వాడనప్పుడు సెల్లుకు 3.8 ఓల్టులు ఉంచి దాచాలి. మీరు నిండుగా దాచాలని రాశారు. అక్షరదోషాలు మాత్రం లేవు, తాతయ్యా."